అమ్మమ్మ పేరున్న పులిహోర డబ్బా

చూసేవారు లేనిచోట మనిషి నిజాయితీగా ఉంటాడా? తొందరపడి జవాబు చెప్పకండి. ఇదే ప్రశ్నకు ‘ఉండడు’ అని ఎనిమిది నిమిషాలు ఏకబిగిన వాదించి, గుంటూరులో మా కాలేజీ డిబేట్ కప్పు గెలుచుకున్నదాన్ని నేను. ఆ రోజుల్లో నాకు లోకంలోని ప్రతి విషయం మీదా ఒక అభిప్రాయమూ, ప్రతి అభిప్రాయానికీ మూడు ఆధారాలూ ఉండేవి. కప్పుతో పాటు వాటన్నిటినీ మూటగట్టుకుని జర్మనీలోని ఇల్మెనౌకు మాస్టర్స్ చదవడానికి వచ్చాను. వారమంతా ప్రయోగశాలలో నోరు కట్టేసుకుని, శుక్రవారం సాయంత్రం రైలెక్కి డ్రెస్డెన్‌లోని అక్కావాళ్ళింటికి వెళ్ళేదాన్ని. రెండు రోజులు అక్క వంట తిని, అందుకు కృతజ్ఞతగా బావగారి అభిప్రాయాలన్నిటినీ ఖండించి, ఆదివారం తృప్తిగా తిరిగి వచ్చేదాన్ని. కంప్యూటర్ చిప్పుల కర్మాగారంలో ఇంజనీరైన మా బావగారు మితభాషి. ఆయన నాకు పెట్టిన పేరు ‘ప్లీడరమ్మ’. అందులో ఎంత ఓర్పు ఉందో అప్పుడు నాకు తెలియదు.

ఆ శరదృతువులో గుంటూరు నుంచి అమ్మ వచ్చింది. తిరుగు ప్రయాణం మంగళవారం అనగా, ఆఖరి శనివారం అందరం ఎల్బే నది ఒడ్డున ఉన్న ఇసుకరాతి కొండలకు బయలుదేరాం: అమ్మ, అక్క, బావగారు, వాళ్ళ ఎనిమిదేళ్ళ చిట్టి, నేను. అమ్మ పులిహోర కలిపి తన స్టీలు డబ్బాలో సర్దింది. ఆ డబ్బాను గురించి ఒక మాట చెప్పాలి. అది మా అమ్మమ్మది. మూత మీద చుక్కలు చుక్కలుగా ఆవిడ పేరు కొట్టించి ఉంటుంది (మనవాళ్ళు పేరు కొట్టించని గిన్నెను గిన్నెగా లెక్కపెట్టరు గదా). అమ్మమ్మ పోయాక ఇంట్లో సామానంతా పంచుకున్నప్పుడు అమ్మ కోరి తెచ్చుకున్నది అదొక్కటే. విమానంలో కూడా పెట్టెలో వేయకుండా, తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని వచ్చింది.

కొండ ఎక్కే దారిలో ఒక కంచె గుంజ మీద ఎవరో పసివాడి ఉన్ని చేతితొడుగు నిటారుగా తొడిగి ఉంది. “దొరికినవాళ్ళు ఇలా కనబడేలా పెట్టి వెళతారు, పోగొట్టుకున్నవాళ్ళు వెనక్కి వచ్చి తీసుకుంటారు” అన్నారు బావగారు. నాకు అంతకన్నా ఏం కావాలి! “అది నిజాయితీ కాదు బావా. ఒంటి తొడుగు ఎవరికి పనికొస్తుంది? అందుకే ఎవరూ ముట్టుకోలేదు” అన్నాను. “సరే ప్లీడరమ్మా, ఈసారి జత పెట్టి చూద్దాం” అని ఆయన నవ్వి ఊరుకున్నారు.

పైకి చేరాక, దారి చూపే పసుపు పలకల స్తంభం పక్కన బెంచీలు కనిపించాయి. కింద నది వంపు తిరిగి మెరుస్తోంది. పొగమంచులోంచి రాతి స్తంభాలు ఒక్కొక్కటే లేచి నిలబడుతున్నాయి. ఒక్క నిమిషంపాటు నేను కూడా వాదన మరిచిపోయాను. పక్క బెంచీ మీద వృద్ధ దంపతులిద్దరు కాగితంలో చుట్టుకున్న ఉడికించిన గుడ్లు ఒలుచుకుంటున్నారు. ఎదురుగా మనుషులుండగా మనం మాత్రమే తినడం అమ్మకు చేతకాదు. కాగితపు పళ్ళెంలో పులిహోర పెట్టి చిట్టి చేతికిచ్చి పంపింది. పెద్దాయన ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. కాసేపు నదివైపు చూశాడు. తర్వాత “ఇంటరెసాంట్” అన్నాడు.

“ఏమంటాడే?” అని అడిగింది అమ్మ.

“బాగుందని కాదు అమ్మమ్మా, బాలేదని కూడా కాదు” అంది చిట్టి. ఆయన మాత్రం పళ్ళెం ఖాళీ చేశాడు.

బావగారు ఏదో మాటలో, ఈ దేశంలో కారు కనబడకపోయినా మనుషులు ఎర్రదీపం దగ్గర ఆగుతారని ఆశ్చర్యంగా అన్నారు. నేను అందుకున్నాను. అది నీతి కాదనీ, పక్కవాడు గద్దిస్తాడన్న భయమనీ, ఒంటరిగా వదిలితే ప్రతివాడూ దాటేస్తాడనీ నిరూపించసాగాను. డబ్బా అడుగున మిగిలిన పులిహోర నా వాటా. తింటూనే వాదించాను. కానీ వాదనకు నాకు రెండు చేతులూ కావాలి (చేతులు కట్టేస్తే నాకు మాట రాదని కాలేజీలో చెప్పుకునేవారు). అందుకని డబ్బాను పక్కన పెట్టాను. అందరూ లేచి నడిచారు. నేను మూడో ఆధారం చెబుతూ వెనకాలే నడిచాను.

తిరుగు రైల్లో అమ్మ సంచి తడిమింది. “డబ్బా ఏదే?” అంది. ఆ క్షణాన బెంచీ, బెంచీ మీద డబ్బా, పక్కన పెట్టిన మూత నా కళ్ళముందు ఫొటోలా నిలిచాయి. “సంచి మోసింది నేనే కదండీ, ఎక్కడో జారవిడిచి ఉంటాను” అన్నారు బావగారు. “ఎంతసేపూ ఆ ఫోన్‌లో ఫొటోలే మీకు! అమ్మ అంత దూరం నుంచి పట్టుకొస్తే...” అని అక్క ఆయన మీద విరుచుకుపడింది. అమ్మ మాత్రం “పోనీండి అల్లుడుగారూ, డబ్బాయేగా” అని కిటికీవైపు తిరిగింది. తిరిగాక కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఎంతటి వాదానికైనా నాకు మాటలు కరువు కాలేదు గానీ, ‘నేనే మరిచిపోయాను’ అనే చిన్న వాక్యం మాత్రం ఆ రైల్లో దొరకలేదు. ఎవరూ చూడలేదు గదా అని నోరు మూసుకుని కూర్చున్నాను. నా కప్పు గెలిచిన వాదానికి నేనే నిలువెత్తు ఆధారమయ్యానని తోచి, ఆ విజయానికి సిగ్గుపడ్డాను.

“రేపు పొద్దున్నే వెళ్ళి చూద్దాం” అన్నారు బావగారు. అక్క “ఇంకెక్కడుంటుంది!” అని నిట్టూర్చింది. నా అభిప్రాయం ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పేదాన్ని కాదు.

ఆదివారం ఉదయం ఐదుగురమూ మళ్ళీ ఆ కొండ ఎక్కాం. బెంచీ ఖాళీగా ఉంది. అమ్మ ముఖం వాడిపోయింది. “పిన్నీ, డా! అదిగో!” అని అరిచింది చిట్టి. పసుపు పలకల స్తంభానికి, సరిగ్గా మనిషి కంటి ఎత్తున, ఒక గుడ్డసంచి వేలాడుతోంది. అందులో డబ్బా. తోమి, కడిగి, తుడిచి, అమ్మమ్మ పేరులోని ప్రతి చుక్కా మెరిసేటట్టు ఉంది. మూత తీస్తే ఐదు చిన్న ఆపిల్ పళ్ళు. మేమెంతమందిమో ఎవరో లెక్కపెట్టుకున్నారన్నమాట. అమ్మ ఆ పేరును వేళ్ళతో నిమిరింది. తర్వాత “ఖాళీ డబ్బా తిరిగి ఇవ్వకూడదని వీళ్ళకెవరు చెప్పారే!” అంది, గుడిలో నిలబడ్డ మనిషిలా.

అడుగున ఒక చీటీ ఉంది. చిట్టి ఒక్కో మాటే కూడబలుక్కుంటూ చదివి చెప్పింది. “‘మేం కిందనున్న ఊళ్ళో ఉంటాం. చీమలు పడతాయని డబ్బాను ఇంటికి తీసుకువెళ్ళి కడిగి, పొద్దున్నే మళ్ళీ తెచ్చాం. మూత మీద ఏదో రాసి ఉంది. మాకు చదవడం రాదు గానీ, పేరు రాసుకున్న వస్తువు కోసం ఎవరైనా వెనక్కి వస్తారు. అన్నం చాలా కారంగా ఉంది, వంటావిడకు ధన్యవాదాలు. డబ్బాను ఇక్కడ మరిచిపోయింది...’” చిట్టి ఆగి నావైపు చూసింది. “‘...నీలం జాకెట్ అమ్మాయి. రెండుసార్లు పిలిచాం. ఆమె మాట్లాడుతూనే వెళ్ళిపోయింది.’”

నీలం జాకెట్ ఆ రోజు కూడా నా ఒంటి మీదే ఉంది. అక్క నన్నూ బావగారినీ మార్చిమార్చి చూసింది. గుర్తులేదని తప్పించుకోవడానికి దారి అప్పటికీ తెరిచే ఉంది. చీటీలో అంతకుమించి సాక్ష్యం లేదు. కానీ కాలు విరిగితే ఏమవుతుందో అని ఆలోచించకుండా, ఒక డబ్బా కోసం మళ్ళీ కొండ ఎక్కిన ఆ పక్క బెంచీ దంపతుల ముసలి కాళ్ళు గుర్తొచ్చాయి. “నాకు నిన్న రైల్లోనే తెలుసమ్మా. చెప్పలేదు” అన్నాను.

“నాకూ రైల్లోనే తెలుసు” అన్నారు బావగారు తాపీగా.

“ఎలా బావా?”

“నువ్వు గంటసేపు నోరు మెదపలేదు. ఇంకో రుజువు కావాలా ప్లీడరమ్మా?”

“మరి తప్పు మీ మీదెందుకు వేసుకున్నారు?”

“అత్తయ్యగారు నిన్నైతే మంగళవారం దాకా తిడతారు. నన్ను తిట్టలేరు కదా!”

అమ్మ నవ్వింది. ఆ వెంటనే నన్ను నిజంగానే మంగళవారం దాకా తిట్టింది. అది వేరే సంగతి. కొండ దిగేముందు, దారిలో తినడానికి తెచ్చిన జంతికల పొట్లాన్ని ఆ గుడ్డసంచిలో పెట్టి, చిట్టి చేత ‘ఇవి తక్కువ కారం’ అని జర్మన్‌లో రాయించి, మళ్ళీ స్తంభానికే తగిలించింది. నేను వెనక్కి వెనక్కి చూస్తూ కొండ దిగాను.

ఇప్పుడు నేనూ డ్రెస్డెన్‌లోనే ఉద్యోగం చేసుకుంటున్నాను. కప్పు అటక మీద ఉంది. ఆ నీలం జాకెట్ పిల్ల అప్పుడప్పుడూ గుర్తొస్తే కోపం రాదు, చేతులు ఊపుతూ పోతున్న ఆమెను ‘ఏయ్, ఒక్కసారి వెనక్కి తిరుగు’ అని పిలవాలనిపిస్తుంది. ఆమెకు వినబడదు. మీకు వినబడుతుంది గనుక మిమ్మల్నే అడుగుతున్నాను. ఈ వారాంతంలో దారిలో ఎవరి వస్తువైనా దొరికితే, తుడిచి, కంటి ఎత్తున తగిలించి రండి. అంతకన్నా ముందు, మీ తప్పును మీ ఇంట్లో ఏ మితభాషి అయినా మోస్తున్నారేమో గుర్తుచేసుకోండి. మోస్తుంటే ఇవాళే ఫోన్ చేసి చెప్పండి. చీటీ వచ్చేదాకా ఆగకండి.