తరువాయి వద్దన్న చిన్నాయన

మొన్న ప్రొద్దుటూరులో పాత పుస్తకాల అంగడి ముందు ముక్కిపోయిన కాగితాల వాసనకు ఆగిపోయాను. మన ఈడువాళ్లకు గుర్తుందా, బొమ్మల పత్రికలో సీరియల్ కథ ‘సశేషం’ అని ఆగిపోతే నెలంతా ఎంత తపించేవాళ్లమో?

మా పల్లెలో మాకు దాన్ని చదివి వినిపించేది చిన్నాయనే. ఊళ్లో జరిగిన ఖూనీకి ఆయనొక్కడే సాక్షి. కోర్టుకు పోవాల్సిన ముందురోజు నేను సీరియల్ పేజీ తీస్తే చేయి అడ్డం పెట్టాడు.

“అది వద్దు పాపా. ఈ పొద్దే అయిపోయే కథ సదువుతా.”

“నీకూ సీరియలే గదా ఇష్టం?”

“వచ్చే నెల దాకా యాడ కాసుకుంటాంలే.”

“అవేం మాటలురా!” అని అవ్వ వంటింట్లోంచి కసురుకుంది.

ఆయన నవ్వి, చిన్న కథ ఒకటి చివరిదాకా చదివాడు.

మర్నాడు జమ్మలమడుగు బస్సెక్కినవాడు కోర్టుకు చేరనే లేదు. పెన్న ఇసుకలో ఆయన చెప్పు ఒకటి దొరికింది. మనిషి ఇప్పటికీ దొరకలేదు.