పని అయిందని ఎప్పుడనాలో నేర్పిన టీచరు గారు

పోయిన శనివారం పొద్దున్నే పక్కింటి టీచరు గారి అమ్మాయి మా గేటు తోసుకుని వచ్చింది. కాళ్ళకి చెప్పులు కూడా లేవు. "అక్కా, అమ్మ లేవట్లేదు" అంది. నేను వెళ్ళేసరికి ఆవిడ గోడవైపు తిరిగి పడుకునే ఉన్నారు. డాక్టరు వచ్చి చూసి, "నిద్రలోనే పోయేరండీ" అన్నారు.

ఇక్కడే, అమలాపురంలో నాకు మూడు, నాలుగు తరగతులు చెప్పింది ఆవిడే. కానీ రాద్దామని కూర్చుంటే బడి రోజులకంటే ఈ రెండేళ్ళే ముందు గుర్తొస్తున్నాయి.

నేను ఇంట్లోంచే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి పనిచేస్తాను. ఆఫీసుల్లో ఎవరి పని ఎంతవరకు వచ్చిందో చూసుకునే సాఫ్ట్‌వేర్ అది. దాన్నెలా వాడాలో రాయడం నా ఉద్యోగం. ఇదివరకు మనుషుల కోసం రాసేదాన్ని. రెండేళ్ళ క్రితం, ఇకమీదట ఏఐ ఏజెంట్ల కోసం రాయమన్నారు. అంటే, మనం ఒక పని చెబితే తమంతట తామే చేసుకుపోయే ప్రోగ్రాములు. పని నమోదు చేయడానికి, ఒకరికి అప్పగించడానికి, పూర్తయిందని గుర్తు పెట్టడానికి వాటికి వేరువేరు పనిముట్లుంటాయి. ఏది ఎప్పుడు వాడాలో నేను రాసింది చదువుకునే అవి తేల్చుకుంటాయి.

మొదటి నెలలోనే దెబ్బతిన్నాను. ఒక ఆఫీసులో ఏజెంటును ప్రయోగానికి పెట్టారు. ఎవరిదో రిటైర్మెంటు సభకు హాలు తేదీ మార్పించమని దానికి చెప్పారు. అది హాలువాళ్ళకు మెయిల్ పంపి, పని పూర్తయిందని గుర్తు పెట్టేసింది. వాళ్ళు ఆ మెయిల్ చూడనే లేదు. తీరా అందరూ వెళితే లోపల పెళ్ళి జరుగుతోంది. రిటైరవుతున్న పెద్దాయన భార్యాపిల్లలతో రోడ్డు మీద నిలబడిపోయారట. తప్పు నా రాతలోనే ఉందని, వారంలో సరిచేయకపోతే పని వేరేవారికిస్తామని మా మేనేజరు చెప్పారు.

ఆ సాయంత్రం టీచరు గారు పనసపొట్టు కూర గిన్నెతో వచ్చి నా మొహం చూశారు. సంగతి చెప్పాను.

"ఏదీ, ఏం రాసేవో చదువు."

చదివాను.

"ఇంగ్లీషులో బాగానే ఉందమ్మా. తెలుగులో చెప్పు."

"పని ముగిసినప్పుడు, పూర్తయిందని గుర్తు పెట్టడానికి దీన్ని వాడాలండీ."

"ముగియడమంటే? ఉత్తరం వేస్తే ముగిసినట్టా, జవాబొస్తే ముగిసినట్టా?"

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"నేను సెలవు పెడితే రాజోలు నుంచి ఒక టీచరొచ్చేది. ఆవిడకని కాగితం రాసి బల్ల మీద పెట్టేదాన్ని. మొదటిసారి 'డిక్టేషన్ దిద్దండి' అని రాసేను. దిద్ది వెళ్ళిపోయింది. తప్పులు రాసినవాళ్ళు మళ్ళీ రాసేరో లేదో చూడలేదు. ఆవిడ తప్పు కాదు, నాదే. తెలివైన మనిషే. కానీ తెలివి వేరు, తెలిసుండటం వేరు. అడుగుదామంటే నేను అక్కడ లేను కదా!"

తర్వాత నాలుగు సాయంత్రాలు ఆవిడే నా ఏజెంటు. "నువ్వు రాసిందే చేస్తాను, సొంత తెలివి వాడను" అనేవారు. హాలు తేదీ మార్పించమంటే, ఉత్తుత్తి ఫోను చెవిన పెట్టుకుని, "ఎత్తట్లేదమ్మా. ఇప్పుడేం చెయ్యను?" అని అడిగారు. దానికి నా రాతలో ఏమీ లేదు. "ఆయ్, అయితే పూర్తయిందని పెట్టేస్తున్నాను" అని పకపకా నవ్వారు.

అవతలివారు సరే అనేదాకా పనిని పెండింగ్‌లోనే ఉంచాలని రాశాను. తెలియకపోతే తెలియదని చెప్పి, పని ఇచ్చినవారినే అడగాలన్న వాక్యం మాత్రం ఆవిడది. "తెలీదని చెప్పుకునే దారివ్వమ్మా. లేకపోతే పాపం, అబద్ధమాడుతుంది." క్లాసులోనూ అంతే. తెలీదండీ అన్నవాళ్ళనెప్పుడూ ఏమీ అనలేదు. పక్కపిల్ల పలకలో చూసి రాసినందుకు నన్ను మాత్రం గంటసేపు నిలబెట్టారు.

మళ్ళీ ప్రయోగం పెట్టినప్పుడు ఏజెంటు ఇలా రాసింది: 'హాలువారు ఇంకా జవాబివ్వలేదు. మీరొకసారి ఫోన్ చేయగలరా?' లాప్‌టాప్ ఎత్తుకుని పక్కింటికి పరిగెత్తాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, "మర్యాదగా అడిగింది" అన్నారు. నా ఉద్యోగం నిలబడింది. అప్పట్నుంచి ఆవిడకు వినిపించకుండా ఏదీ పంపలేదు.

ఒక్కటి తప్ప. సగంలో ఉన్న పనిని ఒక ఏజెంటు ఇంకో ఏజెంటుకు ఎలా అప్పగించాలన్నది ఈ నెల రాస్తున్నాను. బుధవారం గోడవతల నుంచి పిలిచి, "కొత్తది చదవవేం?" అన్నారు.

"ఆదివారం వస్తానండీ. ఇంకా సగంలోనే ఉంది."

"సగంలో ఉన్నప్పుడే చదవాలమ్మా."

ఫోను మోగుతుంటే "ఆయ్" అనేసి లోపలికి వచ్చేశాను. అదే ఆఖరి మాట. ఆదివారం ఆవిడ వెనకాల సమాధుల దొడ్డికి నడిచాను.

నిన్న ఆ భాగం పూర్తిచేసి పంపాను. ఆఫీసువాళ్ళు బాగుందన్నారు. ఎవరూ ఏమీ అడగలేదు. ఆవిడ ప్రశ్నల కోసం ప్రాణం కొట్టుకుంటోంది.

శుక్రవారం సాయంత్రం ఆవిడ ఉతికి ఆరేసుకున్న నీలం అంచు తెల్లచీర, వాళ్ళ పెరట్లో రెండు కొబ్బరిచెట్ల మధ్య తాడు మీద ఇంకా అలాగే ఉంది. ఎప్పుడో ఆరిపోయింది. తీయడానికి వాళ్ళమ్మాయికి చెయ్యి రావడం లేదు. నేను తీస్తానని అనలేకపోతున్నాను. కాలవ మీదుగా గాలి వచ్చినప్పుడల్లా అది నిండుగా లేచి, మళ్ళీ నెమ్మదిగా వాలుతోంది.