కనిపించకుండా పోయిన చిటికి అట్ట

నేను రెండో తరగతిలో ఉన్నప్పుడు... తెలంగాణ వచ్చిన ఏడాది. పోచంపల్లికి దగ్గర్లోనే మా ఊరు, రెండు గదుల సర్కారు బడి. ఓ శనివారం కొత్త మేడం మమ్మల్నందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని, చెప్పుల దుకాణం నుంచి తెచ్చిన ఖాళీ డబ్బాలకు రంగు కాగితాలు అంటిస్తోంది. మైదాపిండి జిగురు పూసే పని మాది... సగం జిగురు మా బట్టలకే!

అప్పటిదాకా గోడ అల్మారాలో సుద్దముక్కలు, చిరిగిన హాజరుపట్టీలు, ఎలుక పెంటికలు. మేడం అన్నీ ఊడ్చేసి, మేం చేసినవి పెట్టించింది. మట్టి ఎడ్లు, చీపురుపుల్లల ఇల్లు, కాగితం బతుకమ్మ, సీతాఫలం గింజల దండ... ప్రతి డబ్బా మీద చేసినవాళ్ల పేరు.

నాది చిటికి అట్ట. మా అవ్వ నూలుపోగులకు రబ్బరు పీలికలు బిగించి రంగులో ముంచేది. కట్టిన చోట రంగు అంటక తెల్లగా మిగిలేది. దాన్నే మా దగ్గర చిటికి కట్టడం అంటారు. అవ్వ పక్కన కూర్చుని పన్నెండు పోగులకు నేనే కట్టి, ఎర్రరంగులో ముంచి, అట్టకు కుట్టించుకున్నాను. మండలంలో జరిగే ప్రదర్శనకు దాన్ని తీసుకెళ్తానంది మేడం. ఇక నా కాళ్లు భూమ్మీద ఆనితే ఒట్టు...

దసరా సెలవులయ్యాక వచ్చేసరికి డబ్బాల మీద మా పేర్లు లేవు. మేడం అన్నీ పాఠాలవారీగా మళ్లీ సర్దింది. తెలుగు, లెక్కలు, చేతిపని... చేతిపని డబ్బా మూడుసార్లు తిరగేశాను. నా అట్ట లేదు.

"గా డబ్బాలనే పెట్టినట్టు యాదికుంది గదనే," అంది మేడం, తనూ వెతుకుతూ.

మరి ఏమైనట్టు?

మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు మా గదిలోనే ఓ మూల ఉండేవి. వంట చేసే యాదమ్మను మేమంతా పెద్దమ్మా అని పిలిచేవాళ్లం. మేం ఆటల్లో ఉన్నా, గది ఖాళీగా ఉన్నా, బియ్యం కోసం ఆమె వచ్చిపోయేది. భుజాన ఎప్పుడూ ఒక గుడ్డసంచి.

ఆ సంచి నా కంట పడింది. ఆమె అల్మారా దగ్గర ఎందుకు ఆగింది? కొంగు ఎందుకు సర్దుకుంది? నన్ను చూసి ఎందుకు నవ్వింది? అన్నం తింటూ కూడా ఆ సంచినే చూసేదాన్ని. ఓ రోజు అంగన్‌వాడీలో ఉండే ఆమె మనుమరాలి మణికట్టుకు ఎర్రదారం కనిపించింది...

పక్కన కూర్చునే స్వరూప చెవిలో చెప్పాను. సాయంత్రానికి తరగతంతా తెలిసింది. మర్నాడు మా అమ్మ బడికొచ్చింది.

"అక్కా, మా పొల్ల అన్నం తింటలేదు. నీ మనుమరాలు తెల్వక పట్కపోయిందేమో, ఇచ్చెయ్ రాదు," అంది మెల్లగా.

పెద్దమ్మ మొహం నల్లబడింది. "దాని చేతికున్నది బియ్యం బస్తా కుట్టుదారమమ్మా! బస్తా ఇప్పినప్పుడల్ల వస్తది గద!"

ఆమె సంచి తీసి, అందరి ముందు వరండాలో కుమ్మరించింది. టిఫిన్ డబ్బా, దువ్వెన, తమలపాకులు, దవాఖాన చీటీ.

"సూసుకోన్రి..."

ఒక్కొక్కటీ తనే ఏరుకుంది. ఎవరం చెయ్యి వేయలేదు. నాకైతే అప్పటికీ నమ్మకం కలగలేదు... ఇంట్లో దాచి ఉంటుందిలే అనుకున్నాను.

మర్నాటి నుంచి ఆమె సంచి తేలేదు. టిఫిన్ డబ్బా చేత్తో పట్టుకుని వచ్చేది. మా గడప దగ్గరే ఆగి, "మేడం, బియ్యం తీసుకుంటున్న, జర సూడున్రి," అని పిలిచేది.

నెల గడిచింది. చింతగింజలు తెమ్మని మేడం నన్ను లెక్కల డబ్బా దగ్గరికి పంపింది. చెయ్యి పెడితే గింజల కింద అట్ట అంచు తగిలింది. ఎర్రటి పోగులు!

ఇప్పుడు చెప్తే? అందరూ నన్నేమంటారు? అట్టను ఇంకా కిందికి నెట్టి, దాని మీద గింజలు కప్పేశాను.

ఆ మధ్యాహ్నం పెద్దమ్మ ఎప్పటిలాగే నా పళ్లెంలో పప్పు వేసింది. తినకుండానే పళ్లెం కడిగేశాను.

నాలుగు రోజుల తర్వాత మేడమే డబ్బా కుమ్మరించింది. "అయ్యో... పన్నెండు పోగులున్నయని లెక్కలకు పనికొస్తదని నేనే ఈ డబ్బాల పెట్టిన!" అని నా వైపు చూసింది. నేను తల ఎత్తలేదు.

మేడం అట్ట పట్టుకుని తిన్నగా వంటపాకకు నడిచింది. మేమంతా వెనకాలే.

"యాదమ్మా, తప్పు నాది. నేనే పెట్టి మర్సిన."

పెద్దమ్మ చేతులు తుడుచుకుని అట్టను అందుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది. "మంచిగ చేసింది పొల్ల," అని తిరిగిచ్చి, మళ్లీ పొయ్యి ముందు కూర్చుంది. మా అమ్మ వెళ్లి తప్పయిందని బతిమాలితే, "పోనియ్ చెల్లే," అందట. కానీ నేను ఆ బడి వదిలేదాకా ఆమె భుజాన సంచి చూడలేదు.

మొన్న ఎండాకాలం వాళ్లింటికి వెళ్లాను. మోకాళ్ల నొప్పులతో వంట మానేసింది. "పెద్దమ్మా... గా చిటికి అట్ట ముందుగాల నాకే దొరికింది. భయమై మల్ల దాసిన," అని చెప్పేశాను.

"గప్పుడే చెప్తే అయిపోతుండె గద బిడ్డా..." అంది. మోకాళ్లు పట్టుకుని లేస్తూ, "చాయ్ తాగి పో," అంది.

ఇప్పుడు డీఎడ్ చదువుతూ నేనే ఒక బడికి పాఠాలు చెప్పడానికి వెళ్తున్నాను. పిల్లలు చేసినవి టీచర్లు ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతారు, సాయంత్రానికి అవి చెత్తబుట్టలో ఉంటాయి. బియ్యానికి వేరే గది, తలుపు మీద కెమెరా. ఇక ఎవరినీ అనుమానించే పనే లేదంటారు... నాకు మాత్రం ఎవరైనా "పోయింది" అనగానే, నా చూపు ముందు ఎవరి మీదికి పోతుందోనని భయం.

మీ బడిలోనూ అలా ఊరికే మాటపడ్డవాళ్లు ఒకరుండే ఉంటారు... వాళ్ల పేరైనా గుర్తుందా మీకు?