గంజిలో ముంచిన నీలం నిక్కర్లు

“అవ్వా, గీ పిల్లల కాళ్లు జూడు. మోకాళ్ల కాడికెంచి మడిమల దాంక నీలమే. గిట్లనా జెండా పండుగ?”

“కాళ్లు నీలమైతె ఏమాయె సారూ. పాట మంచిగనే పాడిన్రు గద.”

“నా పైజమ గూడ జూడు.”

“వానల తెల్ల పైజమ ఎవరు తొడుగుమన్నరు నిన్ను?”

“జెండా పండుగకు తెల్లది గాకుంటె ఎర్రది తొడుగాల్నా?”

ఎర్ర పైజమలో ఆయన్ను ఊహించుకుని నాకు నవ్వొచ్చింది. కొట్లాట మధ్యలో నాకు నవ్వు రావడం అరుదు. కాబట్టి ఆ రోజు బాగా గుర్తుంది.

ఆగస్టు పదిహేనున మా ఊరి సర్కారు బడి వరండాలో, వాన కురుస్తుండగా జరిగిన కొట్లాట ఇది. ఒకవైపు హెడ్మాస్టరు, ఇంకోవైపు నేను. మధ్యలో నీలం కాళ్లతో పిల్లలు. అంతమంది పిల్లలను ఒకేసారి నీలం చేసిన ఆడమనిషి శామీర్‌పేట చుట్టుపక్కల నాకంటే ముందు లేదు, నా తరువాతా పుట్టలేదు. ఎలా చేశానో చెబుతాను. నవ్వుకోండి, అడ్డు చెప్పను. కానీ ముందు నా కోపం వినాలి. అది ఇప్పటికీ చల్లారలేదు.

తొంభైల చివరి మాట. ఆ ఏడు హెడ్మాస్టరు ఒక రూలు పెట్టాడు. తెల్ల చొక్కా, ముదురు నీలం నిక్కరో లంగానో లేని పిల్లలు ప్రార్థన వరుసలో నిలబడకూడదు. గేటు బయట నిలబడాలి, ఆ తరువాత ఇంటికి పోవాలి. ఆ బడికి గేటే సరిగా లేదు. ఒక రెక్క ఎప్పుడో ఊడి గోడకు ఆనుకుని తుప్పు పడుతోంది. బడికి గేటు లేకపోయినా ఎవరూ అడగరు, పిల్లకు యూనిఫాం లేకపోతే మాత్రం బయటికి. మరి బట్టల దుకాణాల వాళ్లో, జూన్ వచ్చిందంటే చాలు, ఆ నీలం గుడ్డను పెళ్లి పట్టుచీరలా మడతలు విప్పి చూపించి, ధర చెప్పేటప్పుడు మాత్రం పైకప్పు వైపు చూసేవారు.

మా వాడకట్టులోనే బాలమణి ఉండేది. మేడ్చల్ తోవలో ద్రాక్షతోటలో కూలి చేసేది. మొగుడున్నాడా అంటే ఉన్నాడు, వల పట్టుకుని చెరువు దగ్గర ఉన్నాడు. ఇంటికి చేపా రాదు, ఆయనా రాడు. వాళ్ల కూతురు మంజుల ఐదో తరగతి. జూన్ నుంచి ఆ పిల్ల రోజూ పలక సంచీ తగిలించుకుని పోవడం, ఆ సగం గేటు బయట నిలబడి ప్రార్థన విని తిరిగి రావడం. ఒకరోజు బాలమణి నా గడప మీద కూర్చుని తేల్చి చెప్పింది.

“ఇగ సాలవ్వా. మేస్త్రి పిల్లను గూడ తోలుకరమ్మంటాండు. బడి బయట నిలబడేదానికి తోటల కలుపు తీస్తె కడుపన్న నిండుతది. జెండా పండుగ దాంక జూస్త. అప్పటికి గూడ రానియ్యకుంటె ఇగ తోటకే.”

నేను మూడో తరగతిలో ఆగిన మనిషిని. ఎందుకు ఆగానని అడగకండి. అడిగితే మా నాయిన మీద కోపం వస్తుంది, ఆయన పోయి చాలా కాలమైంది. మంజుల ఆగడానికి మాత్రం వీల్లేదని నడుం కట్టాను.

తూంకుంట వైపు కొత్త కాలనీలో కోస్తా జిల్లాల నుంచి వచ్చిన ఉద్యోగస్తులు ఇళ్లు కట్టుకున్నారు. వాళ్ల పిల్లలు వ్యానులో కాన్వెంటుకు పోతారు. ఏడాదికోసారి పెరుగుతారు, ఏడాదికోసారి కొత్తవి కుట్టిస్తారు. పాతవన్నీ ఏమవుతాయని ఆ కాలనీలోనే ఉండే సుభద్రమ్మ గారిని పట్టుకుని అడిగాను. ఆమె మంచి మనిషి, ఇల్లిల్లూ తిరిగి పెద్ద మూట కట్టి ఇచ్చింది. ఇంటికొచ్చి విప్పి చూద్దును కదా, ఒక్కదానికీ బొత్తాం లేదు. తిరిగి వెళ్లి అడిగితే ఆమె నవ్వింది.

“బొత్తాలు తీసి ఉంచుకున్నామండీ మామ్మగారూ, ఎప్పుడైనా పనికొస్తాయని. ఏమీ అనుకోకండి.”

అనుకున్నాను. దారి పొడుగునా అనుకుంటూనే నడిచాను. బట్ట దానం చేసి బొత్తాం దాచుకునే మనుషులు ఉంటారా అని. నేనైతే హుక్కులు, ఇలాస్టిక్కు కూడా పీకి ఉంచుకునేదాన్ని, అది వేరే సంగతి.

చొక్కాలు తెల్లవే, గొడవ లేదు. నిక్కర్లూ లంగాలూ మాత్రం బూడిద రంగు. హెడ్మాస్టరుకు చూపిస్తే చేత్తో కూడా తాకలేదు. నీలమంటే నీలమేనట, బూడిద రంగు నడవదట. ఆ మాటతో నాకు ఒళ్లు మండింది. సరే, నీలమే చూపిస్తానని మేడ్చల్ బస్సెక్కాను.

రంగుల దుకాణం అతను పొట్లాలు కట్టి ఇస్తూ, నీళ్లు తెర్ల కాగాలనీ, అందులో దొడ్డుప్పు దండిగా వెయ్యాలనీ, బట్టను చాలాసేపు ఉడికించాలనీ, అప్పుడే రంగు పట్టుకుంటుందనీ చెప్పాడు. అతని పక్కనే దొడ్డుప్పు బస్తా మూతి తెరుచుకుని ఉంది. నాకు అర్థమైపోయింది. రంగు అమ్మిన చేత్తోనే ఉప్పు కూడా అంటగట్టాలని చూస్తున్నాడు.

“బట్టను ఏస్కుంటరా, పప్పుల కలుపుకోని తింటరా?” అన్నాను.

“నీ ఇష్టమవ్వా,” అన్నాడు. దుకాణం వాడు నీ ఇష్టమన్నాడంటే తగ్గాడనే నేను అనుకున్నాను.

ఉప్పు మానేశాను. అంత పెద్ద గంగాళం మసలడానికి కట్టెలెన్ని కావాలో లెక్కేసుకుని ఆ మంట కూడా మానేశాను. మరి రంగు బట్టను ఎలా పట్టుకోవాలి? అక్కడ నా తెలివి మెరిసింది. మా ఇళ్లలో అందరం అన్నం వార్చి గంజి తీస్తాం. గంజి పెడితే మెత్తటి పంచె కూడా రేకులా నిలబడుతుంది. బట్టను అంతగా పట్టుకునే గంజి రంగును మాత్రం వదిలేస్తుందా? వాడకట్టులో ఇల్లిల్లూ తిరిగి గంజి పోయించుకొచ్చాను, ఖర్చు లేకుండా. గంగాళంలో గోరువెచ్చటి గంజి, అందులో నీలం. చూడ్డానికి సాయంత్రపు మబ్బు దిగి వచ్చి వాకిట్లో కూర్చున్నట్టుంది.

నా కోడలు పక్కన నిలబడి గొణిగింది. “అత్తమ్మా, ఎండినంక ఒక్కటన్న నీళ్లల్ల ముంచి సూద్దాం.”

“ముంచితె మల్ల గంజి పెట్టాలె. నీళ్లు దండుగ, గంజి దండుగ. పోయి పని జూస్కో.”

ఎండాక చూడాలి ఆ నీలాన్ని. సర్కారు వాళ్లు కూడా అంత నీలం చూసి ఉండరు. నిక్కర్లను గోడకు ఆనిస్తే లోపల పిల్లలు లేకుండానే నిలబడ్డాయి. లంగాలు గంటల్లా మోగాయి. బొత్తాలు కుట్టాను, మూట కట్టాను, పిల్లలకు పంచాను. మంజుల తన లంగాను ముట్టుకోవడానికి ముందు చేతులు కడుక్కుని వచ్చింది.

జెండా పండుగ నాడు ఒక్క పిల్ల కూడా గేటు బయట లేదు. మంజుల ముందు వరుసలో నిలబడింది. హెడ్మాస్టరు వరుసలు చూసి నా వైపు తల ఊపాడు. నేను కూడా సర్పంచిలా తల ఊపాను. కాలనీ నుంచి సుభద్రమ్మ గారు కూడా వచ్చి కుర్చీలో కూర్చుంది. జెండా ఎగిరింది. పాట సగంలో ఉండగా వాన మొదలైంది. పాట ఆపకూడదని ఎవరూ కదల్లేదు. దేశభక్తి అంటే అదీ. ఆ కాసేపట్లోనే గంజి కరగడం మొదలుపెట్టింది.

ముందు మోకాళ్ల మీద సన్నటి గీతలు. తరువాత కాలువలు. పాట అయిపోగానే బడి మొత్తం ఒక్క ఉరుకులో వరండాలో దూరింది. ఆ వరండా ఎంత? నాలుగు మంచాలు వేస్తే నిండిపోతుంది. నీలం పిల్లలు, తెల్ల పిల్లలు, పంతుళ్లు, మిఠాయి బుట్ట, అందరం బస్తాలో వంకాయల్లా ఒకరికొకరు ఒత్తుకుని నిలబడ్డాం. హెడ్మాస్టరు బయట మిగిలిన ఒక బుడ్డోడిని చంకనెత్తి లోపలికి తెచ్చాడు. అదీ ఆయన పైజమ కథ.

కొట్లాట ముందే విన్నారు కదా, మిగిలింది ఇంతే. వాన వెలిసేసరికి ఆ నిక్కర్లూ లంగాలూ అటు నీలమూ కాదు, ఇటు బూడిదా కాదు. చారలు పడి, మరకలు పడి, గోడ మీద పాకిన బూజులా ఉన్నాయి. హెడ్మాస్టరు రూలు రూలేనన్నాడు, రేపు కూడా చూస్తానన్నాడు. సుభద్రమ్మ గారు చీర కుచ్చిళ్లు పిండుకుంటూ, “పోనీలెండి మామ్మగారూ, మంచి మనసుతో చేశారు,” అంది. నన్ను ఎవరైనా తిడితే ఓర్చుకుంటాను. పోనీలెండి అంటే మాత్రం ఓర్చుకోలేను.

బాలమణి తిట్టలేదు. అదే నన్ను కాల్చింది. తన కొంగుతో పిల్ల కాళ్లు తుడిచి, “నువ్వు జేసేది జేసినవవ్వా. రేపటికెంచి తోటకు తోల్కపోత,” అంది. మంజుల మాత్రం నా వైపు చూసి, “ఇయ్యాల వరుసల నిలబడ్డ గదవ్వా,” అంది, నన్ను ఓదార్చడానికన్నట్టు.

ఇంటికెళ్లి దేవుడి గూటి ముందు కూర్చుని ప్రమాణం చేశాను. ఈ చేతులతో ఇక ఏ బట్టనూ రంగులో ముంచను. ఎవరింటి గంజీ అడగను. రంగుల దుకాణం తోవలో ఎదురైతే అవతలి పక్కకు దాటి, కొంగు అడ్డం పెట్టుకుని పోతాను. సుభద్రమ్మ గారి బొత్తాల గురించి అన్న మాటలను మాత్రం వెనక్కి తీసుకోను. నా కోడలు తలుపు దగ్గర నిలబడి ఇదంతా విన్నది. చెంబు నిండా నీళ్లు తెచ్చి నా ముందు పెట్టి పోయింది. ఆమెకు ఏమీ అనకుండానే అనడం వచ్చు.

మర్నాడు పొద్దున్నే బడి దగ్గరికి పోయాను, ఇంకో కొట్లాటకు సిద్ధపడి. బాలమణి కూడా కొడవలి, సద్దిగిన్నెతో తోటకు పోతూ పోతూ గేటు దగ్గర ఆగి ఉంది, పిల్ల చేయి పట్టుకుని. గంట మోగింది. పిల్లలు వరుసల్లో నిలబడ్డారు. హెడ్మాస్టరు బిస్కెట్టు రంగు ప్యాంటులో వచ్చి, యూనిఫాం లేనివాళ్లను ఏరడానికి ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. వరండాలో ఒకరినొకరు ఒత్తుకున్న బడి కదా అది. దుకాణంలో కొత్తగా కుట్టించుకున్న పిల్లల చొక్కాల మీద కూడా నీలం భుజాలు, నీలం చేతులు, నీలం వీపులు. రాత్రి ఉతికిన తల్లులు ఆ మరకలను ఇంకాస్త పరిచి పంపారు. రూలు ప్రకారం ఉన్న బట్ట ఆ బడిలో ఒక్కటీ లేదు.

హెడ్మాస్టరు మళ్లీ ఒకసారి చివరి దాకా చూశాడు. తరువాత గేటు వైపు చూడకుండానే అన్నాడు.

“బయటున్నోళ్లు గూడ రాండ్రి. ప్రార్థన షురువు జేయుండ్రి.”

మంజుల చేయి విడిపించుకుని పరుగెత్తి వరుసలో నిలబడింది. బాలమణి ప్రార్థన అయిపోయేదాకా గేటు దగ్గరే ఉండి, తరువాత ఒక్కతే తోటకు పోయింది.