చెల్లెలికి మేక చేయడం నేర్పిన పొద్దు

నా చెల్లెలి బిడ్డను మా ఇంటికి తెచ్చేనాటికి దానికి ఇంకా రెండేళ్లు నిండలేదు. ఎనభైల మొదట్లో మాట. చెల్లెలికి టీబీ అని తేలింది. బిడ్డను దగ్గరికి రానివ్వొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడట. ములుగు దాటి అడవి అంచున ఉన్న వాళ్ల ఊళ్లో పసిపిల్లను చూసుకునే దిక్కు లేదు. చెల్లెలి పెనిమిటి, మా మరిది, దాన్ని బస్సులో వరంగల్ కాశిబుగ్గకు తెచ్చి, నా ఒళ్లో పెట్టి, గ్లాసెడు నీళ్లు తాగి వెళ్లిపోయాడు. దవాఖానలో చెల్లెలు ఒక్కతే ఉంది మరి.

మాది జంపఖానాలు నేసే ఇల్లు. మా ఆయన మగ్గం మీద, నేను కండెలు చుట్టే రాట్నం దగ్గర. పెళ్లై చాలా ఏళ్లైనా మాకు పిల్లలు లేరు. పసిపిల్లను ఎట్లా ఎత్తుకోవాలో కూడా నాకు సరిగా తెలియదు. అది పాలు తాగలేదు, అన్నం ముట్టలేదు, ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురు పోయింది. మా ఆయన మగ్గం ఆపి, దాన్ని భుజాన వేసుకుని వాడంతా తిప్పినా లాభం లేకపోయింది.

మర్నాడు మధ్యాహ్నం నేను కండెలు చుడుతుంటే రంగు నూలు చూస్తూ దగ్గరికి వచ్చింది. ఏం తోచిందో ఏమో, ఒక ఖాళీ అగ్గిపెట్టె తీసుకుని చీపురుపుల్లలు తుంచి కాళ్లు గుచ్చాను. తెగిన ఎర్ర పోగులు దానికి చుట్టి, చివర కొంచెం వదిలి తోక చేశాను. "ఇది మేక" అన్నాను. అది అటూ ఇటూ తిప్పి చూసి "మే" అంది. మా ఇంట్లో అది అన్న మొదటి మాట అదే. ఆ పూట రెండు ముద్దలు పెరుగన్నం తిన్నది.

ఇక రోజూ అదే పని. పడుగుకు పెట్టగా మిగిలిన గంజి మాకు జిగురు. కొబ్బరి చిప్ప బోర్లించి తాబేలు చేసేవాళ్లం. పాత గుడ్డ పేలికల్లో దూది కుక్కి కుందేలు, చింతగింజలు అతికించి దానికి కళ్లు. మొదట్లో దానికి గంజి పూయడం ఒక్కటే వచ్చేది. సగం పూసి సగం నాకేది. మూడేళ్లు వచ్చేసరికి పోగు చుట్టడం నేర్చింది. నేను రంగు చెప్తే ఒప్పుకునేది కాదు. ఏనుగు పచ్చగా, పిల్లి నీలంగా ఉండాలనేది. తోక లేదేమని అడిగితే, "పండుకున్నది" అనేది.

అది చేసే బొమ్మలు చూసి ఇరుగుపొరుగు ఇళ్ల పిల్లలు కూడా చేరారు. వాళ్ల తల్లులకు చేతి నిండా పని. పొద్దున మా గడపలో కూర్చోబెట్టి పోయేవారు. ఆ వయసు పిల్లలు బొమ్మ పూర్తయ్యాక పేరు పెట్టరు, ముందే పెట్టేస్తారు. చేతిలో ఉన్నది ఎలా తయారైనా అది పులి అంటే పులే. ఒకడు నాలుగు కాళ్లు పెట్టి చేప అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

ఎప్పటినుంచో గుర్తులేదు, నన్ను అమ్మా అని పిలవసాగింది. ఎవరూ నేర్పలేదు. మిగతా పిల్లలు తమ తల్లులను పిలవడం విని అది నన్ను పిలిచి ఉంటుంది.

చెల్లెల్ని చూడడానికి దవాఖానకు పోయినప్పుడల్లా బిడ్డ చేసిన బొమ్మ ఒకటి పట్టుకుపోయేదాన్ని. ఆమె దాన్ని తలగడ పక్కన పెట్టుకునేది. ఎముకల గూడులా ఉండేది. ఒకసారి బొమ్మను అరచేతిలో పెట్టుకుని, "నన్ను యాదిజేస్తాందా అక్కా?" అని అడిగింది. తలుచుకుంటోందని చెప్పాను. చెల్లెలు బతకాలని నేను మొక్కని దేవుడు లేడు. బతికింది. మందులు పనిచేసి, దగ్గు తగ్గి, ఒంటికి కాస్త కండ పట్టింది. ఇక బిడ్డను తీసుకుపోవచ్చునని డాక్టరు అన్నాడు. ఆ కబురు విని నేను సంతోషంతోనే ఏడ్చాను. ఆ ఏడుపు మాత్రం ఎంతకీ ఆగలేదు.

బిడ్డ కొత్త చోట బెదురుతుందని నేను కూడా వెంట చెల్లెలి ఊరికి వెళ్లాను. ఒక మూటలో రంగు పోగులు, అగ్గిపెట్టెలు కట్టుకున్నాను. బస్సెక్కే ముందు మా ఆయన దాని తల నిమిరి వెనక్కి తిరిగిపోయాడు.

ఆ ఊళ్లో ఉన్నన్నాళ్లూ బిడ్డ నా కొంగు వదల్లేదు. చెల్లెలు అన్నం కలిపి పిలిస్తే నా వెనక దాక్కునేది. తన ఇంట్లో తానే చుట్టంలా చెల్లెలు ఓ మూల కూర్చునేది. ఒకనాటి సాయంత్రం పొయ్యి ముందు కూర్చుని తల ఎత్తకుండా అంది:

"నీ దగ్గర్నే ఉండనీ అక్కా. నన్ను జూస్తె భయపడ్తాంది. నిన్నే అమ్మ అంటాంది."

నా గుండె ఒక్క క్షణం ఎగిరింది. దాచను. కానీ ఆమె చేతులు చూశాను. కట్టె పుల్లల్లాంటి ఆ చేతులతో ఆమె ఇన్నాళ్లూ దేన్ని పట్టుకుని బతికిందో నాకు తెలుసు.

"గట్ల అనకు చెల్లె. నువ్వు బతికింది దేనికి మరి?" అన్నాను. "రేపు పొద్దుగాల నేను పోత. చెప్తె ఇడ్వది. చెప్పకుండనే పోత."

తెల్లవారి వాకిట్లో చాప వేసి మూట విప్పాను. బిడ్డను ఒక పక్క, చెల్లెల్ని ఒక పక్క కూర్చోబెట్టాను. అమ్మకు మేక చేయడం రాదని, మనమే నేర్పాలని బిడ్డతో అన్నాను. చెల్లెలికి కాళ్లు ఎలా గుచ్చాలో చూపించాను. ఆమె గుచ్చబోతే పుల్ల విరిగింది. బిడ్డ కాసేపు చూసి, ఉండబట్టలేక జరిగి జరిగి ఆమె దగ్గరికి పోయింది.

"గట్ల గాదు. ముందుగాల కడుపు సుట్టాలె" అంది.

"ఎట్ల సుట్టాలె?" అంది చెల్లెలు.

అది ఆమె వేలు పట్టుకుని పోగు మీద పెట్టింది. దాదాపు రెండేళ్ల తర్వాత తల్లిని అది తాకడం అదే మొదలు. చెల్లెలు నా వైపు చూసింది. నీళ్లు తాగి వస్తానని లేచాను. ఇంటి వెనక దారిన రోడ్డు మీదికి నడిచాను. "తోక నేను పెడ్త" అంటున్న దాని గొంతు కంచె దాటేదాకా వినిపించింది.

వరంగల్ వచ్చేదాకా బస్సులో నా ఒళ్లో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఏడ్చిందా అని మా ఆయన అడిగాడు. నేనున్నంతసేపు ఏడవలేదని చెప్పాను. ఆయన మగ్గం గుంతలోకి దిగాడు. ఆ రోజు నేసిన చారలు వరుస తప్పాయి. మర్నాడు కూర్చుని విప్పుకున్నాడు.

మర్నాడే పక్కింటి పిల్లలు గడపలో చేరారు. మా పిల్ల ఏదని అడిగారు. వాళ్లమ్మ దగ్గరికి పోయిందని చెప్పాను. నాలుగేళ్ల పిల్ల ఒకతి నన్ను ఎగాదిగా చూసి, "నువ్వే గదా అమ్మవు" అంది. ఆ తర్వాత పిల్లల్ని నా దగ్గర కూర్చోబెట్టవద్దని తల్లులకు చెప్పేశాను. పని ఎక్కువైందని అన్నాను.

బిడ్డ చాలా రోజులు ఏడ్చిందని, రోడ్డు దగ్గరికి పోయి బస్సుల కేసి చూస్తూ నిలబడేదని మరిది తర్వాత చెప్పాడు. పోవాలని కాళ్లు లాగేవి. పోతే మళ్లీ మొదటికొస్తుందని పోలేదు. మెల్లగా మానిందట.

ఏడెనిమిదేళ్ల పిల్లగా మొదటిసారి సెలవులకు తల్లితో కలిసి మా ఇంటికి వచ్చింది. బడికి పోతోంది, రెండు జడలు. రాట్నం దగ్గర రంగు నూలు చూసి నా పక్కన చేరింది.

"పెద్దమ్మా, నీకు మేక చేసుడు అస్తదా? మా అమ్మ నాకు నేర్పింది. నీకు నేను నేర్పుత."

రాదని చెప్పాను. చాలా ఓపికగా నేర్పింది. నేను తప్పు చేసినప్పుడల్లా సరిదిద్దింది. వంటింటి గుమ్మంలో చెల్లెలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది. పిల్ల ఆడుకోవడానికి బయటికి పోయాక నా దగ్గరికి వచ్చి, "దానికి చెప్పాల్నా అక్కా?" అంది.

"వద్దు" అన్నాను. "ఇప్పుడు చెప్పి దాన్నెందుకు ఏడిపిచ్చుడు?"

వాళ్లను బస్సెక్కించి వచ్చిన సాయంత్రం మా ఆయన వాకిట్లో కూర్చుని, "మనల్ని పూరా మర్చిపోయింది" అన్నాడు.

"మర్చిపోవాలనే గదా దింపి అచ్చిన" అన్నాను.

లోపలికి పోయి అన్నం వడ్డించాను. పిల్ల నాకు నేర్పుతూ చేసిన మేకను రాట్నం మీద పెట్టి, ఇద్దరం కంచాల ముందు కూర్చున్నాం.