తుడవని అద్దం

యాకూబ్ గారు అద్దం తుడిస్తే అక్కడ అద్దం ఉన్నట్టే తెలిసేది కాదు. ముగ్గుపిండి పలచగా రాసి ఆరనిచ్చేవారు. తడి న్యూస్‌పేపరుతో ఒకసారి, పొడి పేపరుతో ఇంకోసారి రుద్దేవారు. తర్వాత అంచులు మాత్రమే పట్టుకుని వెలుతురుకేసి ఎత్తి చూసేవారు. ఏ మూలనైనా మసక కనబడిందా, పని మళ్ళీ మొదటికి వచ్చేది. తెనాలిలో ఆయన ఫ్రేము కట్టిన పటం లేని వీధి ఉండదేమో. వేంకటేశ్వరస్వామి, మరియమ్మ, మక్కా, పెళ్ళి ఫొటోలు, పోయిన పెద్దల ఫొటోలు అన్నీ ఆ బల్ల మీది నుంచి వెళ్ళినవే. “ఎవరి దేవుడి ముందుండే కిటికీ అయినా నేను బిగించిందే మాస్టారూ” అనేవారు నాతో.

తొంభై రెండులో మేం ఆయన కొట్టుకు ఎదురింట్లో అద్దెకు దిగాం. నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి. మా అమ్మాయికి అప్పుడప్పుడే పరుగు వచ్చింది. ఎదురుగా గాజు పని జరుగుతోందని చూడగానే మా గుమ్మానికి అడ్డంగా కర్రతలుపు పెట్టించాను. యాకూబ్ గారి భార్య జైనబ్ బీ అది చూసి, తన గుమ్మం దాటి ఒక్క గాజుపెంకు బయటికి వచ్చి ఎరగదని, తలుపు ఖర్చు దండగని నవ్వింది. ఆ నెల తిరక్కుండానే మా అమ్మాయి పగలంతా ఆవిడ ఒళ్ళోనే ఉండేది. కర్రతలుపు బట్టలు ఆరేసుకోవడానికి పనికొచ్చింది.

యాకూబ్ గారిది రేపల్లె. తండ్రి రైసుమిల్లులో బస్తాలు మోసేవాడు. ఆ పని తనకొద్దని, మీసాలు రాకముందే రైలెక్కి తెనాలి వచ్చి ఒక ఫ్రేముల కొట్టులో చేరారు. అక్కడ ఆయన మొదట నేర్చుకుంది అద్దం కొయ్యడం కాదు, మొయ్యడం. రేపల్లె నుంచి ఆర్డరు వస్తే పెద్ద అద్దాన్ని గోనెపట్టాలో చుట్టి, పాసింజరు బండిలో మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని తీసుకెళ్ళేవారు. పడుకోబెట్టిన అద్దం ఒక్క కుదుపుకే పగులుతుందని, నిలబెట్టిన అద్దం ఎంత దూరమైనా వస్తుందని అంటారాయన. తన సొంత కొట్టు తెరిచాక కూడా ఆ పని ఇంకొకరి చేతికివ్వలేదు.

తర్వాత లామినేషన్ వచ్చింది. చెక్క మీద ఫొటో అంటించి పైన పల్చటి ప్లాస్టిక్ వేసేస్తే గాజు అక్కర్లేదు, మేకులు అక్కర్లేదు. బజార్లో రెండు కొట్లవాళ్ళు ఆ యంత్రాలు పెట్టేసరికి యాకూబ్ గారి బల్ల మీద పని సగానికి పడిపోయింది, ఆపైన సగంలో సగానికి. జైనబ్ బీ తమ్ముడు మహమూద్ రేపల్లెలోనే మిల్లులో గుమాస్తా. అతనొచ్చి, మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్ పని ఉందని, బావ ఊఁ అంటే ఓనరుతో మాట్లాడతానని చెప్పాడు. యాకూబ్ గారు అతనికి టీ పోయించారు. తన తండ్రి బస్తా మోసుకుని ఏ గేట్లోంచి వెళ్ళాడో ఆ గేటు ముందు స్టూలు వేసుకుని కూర్చోవడానికి నలభై ఏళ్ళు గాజు కొయ్యలేదని చెప్పి పంపేశారు. కోపంగా చెప్పలేదు, నవ్వుతూనే చెప్పారు.

ఆయన చూపు అప్పటికే చేపల తొట్ల మీద పడింది. ఇనుప ఫ్రేములో లప్పం పెట్టి చేసే పాత తొట్లు ఏడాది తిరక్కుండా కారేవి. కొత్తగా సిలికాన్ జిగురు వచ్చింది. విజయవాడ నుంచి ఒక ట్యూబు తెప్పించి, ఐదు అద్దాలు అతికించి, కింద న్యూస్‌పేపరు పరిచి నీళ్ళు నింపారు. మర్నాటికి కూడా పేపరు మీద తడి చుక్క లేదు. మా వీధి చివర పిల్లల డాక్టరు గారు అది చూసి ముచ్చటపడి, వెయిటింగ్ హాల్లోకి పెద్దది ఒకటి చెయ్యమన్నారు. కానీ ఒక షరతు పెట్టారు. చేపలు ముందు యాకూబ్ గారింట్లో బతికి చూపించాలి. జ్వరంతో వచ్చిన పిల్లల ముందు చచ్చిన చేప తేలకూడదు.

షరతు సబబే అన్నారు యాకూబ్ గారు. ఇది నిలబడితే ఊళ్ళో ప్రతి డాక్టరూ, ప్రతి బట్టలకొట్టూ అడుగుతారని ఆయన లెక్క. నిలబడకపోతే మిగిలేది రేపల్లె స్టూలే. ఆ మాట ఆయన అనలేదు, జైనబ్ బీ అంది.

ఇల్లూ కొట్టూ ఒకటే కాబట్టి ఆ మొదటి తొట్టిని కొట్టు ముందుగదిలోనే పెట్టారు. అడుగున చిల్లుల ప్లాస్టిక్ పళ్ళెం, దాని మీద గులకరాళ్ళు, ఒక మూల గాలి బుడగలు వదిలే చిన్న మోటారు, నాలుగు బంగారు చేపలు. మా అమ్మాయి దాని ముందు నుంచి లేచేది కాదు. తొట్టి మీదకి వంగి పడుతుందేమోనని నేను పైన జాలీ మూత పెట్టించాను. కరెంటు తీగ అందకుండా గోడకి ఎత్తుగా కొట్టించాను. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి నీళ్ళు బకెట్లలో ఒకరోజు నిలవ ఉంచి పొయ్యమని చెప్పాను. ఆయన అన్నీ చేశారు. వారం తిరిగేసరికి రెండు చేపలు చచ్చిపోయాయి. తర్వాత మిగతా రెండూ పోయాయి. కొత్తవి తెచ్చారు. అవీ అంతే.

చావుకి ఒక వరస ఉందని నాకు కాస్త ఆలస్యంగా తెలిసింది. శుక్రవారం చేపలు హుషారుగా ఉండేవి. మంగళవారానికి నీటి పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని ఆయాసపడేవి. శుక్రవారం ఏం చేస్తున్నారని అడిగాను. అది కొట్టుకి సెలవు. నమాజుకి వెళ్ళేలోపు తొట్టి మొత్తం ఖాళీ చేసి, రాళ్ళని వేడినీళ్ళలో కడిగి, డాబా మీద ఎండబెట్టి, నాలుగు అద్దాలకీ ముగ్గుపిండి పట్టించి, కడిగి, పేపరుతో రుద్ది మళ్ళీ నింపుతున్నారట. ఈ సంగతి చెబుతున్నప్పుడు ఆయన మొహంలో గర్వమే ఉంది. నిజంగానే ఆ తొట్టికి అద్దాలున్నట్టు కనిపించేది కాదు. నీళ్ళు గాల్లో నిలబడ్డట్టుండేవి.

ఆ మంగళవారం ఒక సీసాలో నీళ్ళు పట్టుకుని కాలేజీ లాబ్‌కి తీసుకెళ్ళాను. అమ్మోనియా ఉందో లేదో చెప్పే ద్రావణం ఒకటుంటుంది. అందులో పాదరసం కలుస్తుంది కాబట్టి ఇంటి ఛాయలకి తేలేదు. పరీక్షనాళికలో రెండు చుక్కలు వేయగానే తేటగా ఉన్న నీళ్ళు టీ డికాక్షన్ రంగుకి తిరిగాయి. సాయంత్రం యాకూబ్ గారికి చెప్పాను. చేపలు వదిలే మలినం నుంచి విషం పుడుతుంది. దాన్ని తినేసి హాని లేనిదిగా మార్చే సూక్ష్మజీవులుంటాయి. అవి రాళ్ళ మీద, అద్దాల మీద కనపడనంత పొరగా పెరుగుతాయి. శుక్రవారం శుక్రవారం మనం వాటినే కడిగి ఎండబెడుతున్నాం.

ఆయనకి నచ్చలేదు.

“అంటే పాచి పెంచమంటారు.”

“కొంచెం పెరగనివ్వమంటున్నాను బాబాయ్.”

“నా అద్దం మీదా?”

మా అమ్మాయికి పెరుగన్నం పెడుతున్న జైనబ్ బీ తలెత్తకుండానే కలగజేసుకుంది. “పాలు ఎంత తేటగా వడగట్టినా తోడు వెయ్యకుండా పెరుగైపోతాయా? వారం వారం తోడంతా కడిగి ఎండలో పోస్తున్నావు. ఆయన చెప్పేది అదే.”

నేను అరగంటసేపు చెప్పింది ఆవిడ ఒక్క ముద్ద కలిపేలోపు చెప్పేసింది. యాకూబ్ గారు మరి ఈ తోడు ఎక్కడ దొరుకుతుందని అడిగారు.

నాకు తెలిసిన చోటు ఒకటుంది. మాది బాపట్ల. అక్కడ నాకు హైస్కూల్లో సైన్సు చెప్పిన జ్ఞానానందం గారింట్లో నా చిన్నప్పటి నుంచీ ఒక చేపల తొట్టి ఉంది. ఆదివారం చర్చి అయ్యే వేళకి ఇద్దరం వెళ్ళాం. అరుగు మీద పాత ఇనుప ఫ్రేము తొట్టి. ముందు అద్దం తప్ప మిగతా మూడు అద్దాలూ ఆకుపచ్చ, గోధుమ రంగు కలిసిన పొరతో మూసుకుపోయి ఉన్నాయి. లోపల అరచేయంత బంగారు చేపలు తాపీగా తిరుగుతున్నాయి.

యాకూబ్ గారు చేతులు కట్టుకుని ఆ అద్దాల కేసి చూస్తూ నిలబడ్డారు. చెయ్యి దానంతటదే జేబులో రుమాలు మీదకి పోయింది.

“సార్, మీరు ఊఁ అంటే ఐదు నిమిషాల్లో తుడిచిపెడతానండి.”

“చేపలు అడిగిన రోజు నీకు కబురు చేస్తాలేవయ్యా” అన్నారు జ్ఞానానందం గారు.

వాటి వయసెంతని యాకూబ్ గారు అడిగారు. తన చిన్న కూతురి పెళ్ళికి ముందు కొన్నవని, ఆ కూతురి కొడుకు ఇప్పుడు బడికి పోతున్నాడని ఆయన చెప్పారు. యాకూబ్ గారు చొక్కా చేతులు పైకి మడిచి, తొట్టి అడుగు నుంచి రెండు గుప్పిళ్ళ రాళ్ళు తనే తీసి, తడిగుడ్డలో మూటకట్టారు. తెనాలి వచ్చేదాకా ఆ మూట ఆయన ఒళ్ళోనే ఉంది. బండి ఆగిన చోటల్లా సీసాలోంచి కాసిని నీళ్ళు చిలకరించారు.

ఆ రాళ్ళు కొత్త రాళ్ళలో కలిపి రెండు చేపలతో మొదలుపెట్టాం. మేత చిటికెడే. వారానికోసారి నాలుగోవంతు నీళ్ళు మార్చాలి, రాళ్ళ జోలికి పోకూడదు. వీటిలో దేనికీ ఆయన కష్టపడలేదు. కష్టమంతా శుక్రవారంతోనే వచ్చింది. మొదటి శుక్రవారం ఉదయం ముగ్గుపిండి గిన్నె చేతిలో పట్టుకుని తొట్టి చుట్టూ తిరుగుతుంటే, జైనబ్ బీ గిన్నె లాక్కుని, ఇంట్లో ఉన్న ఫ్రేములన్నీ దింపి ముందు పెట్టింది. రుద్దాలని చేతులు దురద పెడితే వాటిని రుద్దుకోమంది. ఆయన అవన్నీ రుద్దారు. తర్వాత మా ఇంటికొచ్చి మా కిటికీ అద్దాలు కూడా రుద్దారు. ఆ నెలంతా మా వీధి మెరిసిపోయింది.

వెనక అద్దం మీద సన్నగా మసక కట్టింది. చేపలు పైకి రావడం మానేశాయి. నెల దాటాక ఇంకో రెండు వేశాం. అవీ నిలిచాయి. ఒక సాయంత్రం సీసాతో నీళ్ళు పట్టుకుని ఆయన్నే కాలేజీకి రమ్మన్నాను. రెండు చుక్కలు వేశాను. రంగు రాలేదు. యాకూబ్ గారు పరీక్షనాళికని అంచు దగ్గర పట్టుకుని, పటం అద్దాన్ని ఎత్తినట్టే కిటికీ వెలుతురుకి ఎత్తి, ఒక కన్ను మూసి చూశారు.

“మసక లేదండి,” అన్నారు. “సరుకు ఇచ్చెయ్యొచ్చు.”

డాక్టరు గారి తొట్టిని రిక్షాలో నిలబెట్టి, ఒక చేత్తో పట్టుకుని పక్కన నడుస్తూ తీసుకెళ్ళారు. మూట కట్టిన రాళ్ళు ఇంకో చేతిలో ఉన్నాయి. క్లినిక్‌లో అది కుదురుకుని, వెనక అద్దం మసకబారాక డాక్టరు గారు, ఇంత పనిమంతుడివి, అది తుడవవేమని అడిగారట. అది చేపల అద్దమని, ముందున్నది మనుషులదని యాకూబ్ గారు చెప్పారట. ఆ చలికాలం మా అమ్మాయికి దగ్గు పట్టుకుంటే ఆ హాల్లో మేం చాలాసార్లు కూర్చున్నాం. నేను దాని నుదురు పట్టుకుని చూస్తూ ఉండేవాణ్ణి, అది చేపల్ని చూస్తూ ఉండేది. ఒక్క చేప కూడా తేలలేదు.

ఆయన లెక్క తప్పలేదు. రెండు బట్టలకొట్లు, ఒక కళ్ళజోళ్ళ కొట్టు, ఆ తర్వాత మహమూద్. ఈసారి మహమూద్ వచ్చింది వాచ్‌మన్ పని గురించి కాదు. ఓనరు మనవరాలి కోసం మిల్లు ఆఫీసు గదిలో తొట్టి కావాలన్నాడట.

నేను ఆ రోజు స్టేషన్ దాకా సాయం వెళ్ళాను. యాకూబ్ గారు రేపల్లె పాసింజరులో కిటికీ పక్కన కూర్చుని, గోనెపట్టా చుట్టిన తొట్టిని మోకాళ్ళ మధ్య నిలబెట్టుకున్నారు. రాళ్ళ మూట జైనబ్ బీ ఒళ్ళో ఉంది. మిల్లు గేటు దగ్గర స్టూలు మీద ఎవరున్నారో చూసి రమ్మని నేను వేళాకోళం చేశాను.

“ఎవరుంటే ఏంటి మాస్టారూ,” అన్నారాయన, “లేచి గేటు తియ్యమంటాను. నా రెండు చేతులూ ఖాళీగా ఉండవు కదా.”

బండి కదిలింది. జైనబ్ బీ మూట విప్పి, తడి ఆరిందేమోనని వేలితో చూసి, మళ్ళీ కట్టింది.