ఎవరి కింద ఎవరు

మార్కాపురంలో నేను చేరిన పలకల కంపెనీకి వెబ్‌సైటు ఉండేది గానీ, అందులో ఫోన్ నంబరు తప్ప ఏమీ ఉండేది కాదు. బయటి దేశాల వాళ్లు చూడాలంటే బ్లాగు ఉండాలని ఎవరో చెప్పారట, ఓనరు నన్ను పిలిచి రాయమన్నారు. చివర నా పేరు వేస్తామని కూడా అన్నారు. ఆ ఒక్క మాటకే నేను పడిపోయాను. అంతకుముందు నా పేరు అచ్చులో చూసుకున్నది హాల్‌టికెట్ల మీదే. దోర్నాలలో నాయనకు చిన్న టిఫిన్ హోటలు. శ్రీశైలం పోయే డ్రైవర్లందరికీ ఇడ్లీతో పాటు ఈ కబురూ వడ్డించేశాడు.

రాయి గని నుంచి ఎలా వస్తుంది, పొరలు పొరలుగా ఎలా చీలుస్తారు, నునుపు ఎలా చేస్తారు, అన్నీ అడిగి తెలుసుకుని రాశాను. ఓనరు మొదటి పేరా చదివి, బాగుందమ్మా, ఫోటోలేవీ అన్నారు. రాళ్ల ఫోటోలు చూపించాను. రాళ్లవి కాదట, మనుషులవట. మా వైపు బోరులో నీళ్లు పడినా ఇంటిల్లిపాది ఫోటోలతో ఫ్లెక్సీ కడతారు. బ్లాగు అంతకంటే తీసిపోయిందా? సాయంత్రానికి ఓనరు, వాళ్లన్న, బావమరిది, మేనమామ నల్లకళ్లద్దాలతో సహా నా కంప్యూటర్లోకి వచ్చేశారు.

తెర మీద నలుగురూ ఒకే వరసలో బుద్ధిగా నిలబడ్డారు. మర్నాడు పంతులు చెప్పిన వేళకు కొబ్బరికాయ కొట్టి, మానిటరుకు బొట్టు పెట్టి, బటన్ నొక్కాం. అందరూ జేబుల్లోంచి ఫోన్లు తీశారు. ఫోను తెర సన్నం కదా, ఫోటోలు పక్కపక్కన పట్టక ఒకదాని కింద ఒకటి దిగాయి. పైన బావమరిది. ఆయన కింద ఓనరు వాళ్లన్న.

ఆ పెద్దాయన ఫోను బల్ల మీద పెట్టి నావైపు తిరిగారు.

"ఏంది పాపా, నేను వాని కాళ్లకాడ ఉండాల్నా?"

తెర సంగతి చెప్పబోయాను. వినేవాళ్లెవరు? వరస మారిస్తే వాళ్లక్కకు ఫోన్ చేస్తానని బావమరిది బెదిరించాడు. ఆ అక్క ఓనరు భార్య. పోనీ అందరూ కలిసి ఒక్క ఫోటో దిగండన్నాను. మధ్య కుర్చీ ఎవరిదన్న దగ్గర అదీ ఆగింది. మేనమామ టీ కూడా తాగకుండా కంభం బస్సెక్కారు. చివరికి ఎవరి ఫోటో వద్దని ఓనరు తేల్చేశారు. లోపల్లోపల నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

ఇక మిగిలినవి రాతి ఫోటో, నా వ్యాసం, చివర నా పేరు. ఫోన్లు చూసుకుని అందరూ ఒక్కసారిగా తలలెత్తారు. పొద్దుటి నుంచి దేనికీ కలవని పెద్దాయనా, బావమరిదీ దీనికి కలిశారు.

ఓనరు గొంతు తగ్గించారు. "ఇంట్లోవాళ్లవే లేకపాయె. నీ పేరొక్కటే ఉంటే ఏం బాగుంటాది చెప్పమ్మా?"

నాకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. నా పేరు నా చేతే తీయించారు. ఆ తరువాత బావమరిది పెద్దాయనకు కొబ్బరి ముక్క అందించాడు.

సాయంత్రం దోర్నాలలో బస్సు దిగి హోటలుకు వెళ్లేసరికి నాయన గల్లా దగ్గర ఫోను పట్టుకుని కూర్చున్నాడు. చివరిదాకా జరిపి, మళ్లీ మొదటికొచ్చి, నీ పేరేదమ్మా అన్నాడు. తీసేశారని చెప్పాను. ఇంతలో రోజూ వచ్చే జీపు డ్రైవరు లోపలికొస్తూనే, పాప పేరు పడిందా అని అడిగాడు. నాయన ఫోను అతని ముందు పెట్టాడు.

"ఇదంతా మా పాప రాసిందే. పేరు ఏస్తామని వాళ్లు ఎంతో చెప్పినారు. మా పాపే వద్దనింది."

డ్రైవరు నన్ను గౌరవంగా చూశాడు. నేను వంటగదిలోకి పోయి చాలాసేపు బయటికి రాలేదు.